నా బొంత, నా కుట్టు

మూడేళ్ల క్రితం వీడియోలు చూసి క్విల్టింగ్, అంటే గుడ్డ ముక్కలు కలిపి బొంత కుట్టడం, మొదలుపెట్టినప్పుడు, ప్రతి ముక్కనూ చక్రంలా తిరిగే బ్లేడున్న రోటరీ కట్టర్‌తో కోసి, అంచున సరిగ్గా పావు అంగుళం వదిలి మిషన్ మీద కుట్టాలన్న నియమాన్ని శాసనంలా పాటించాను. అయినా నాకు మూలలు ఒక్కసారి కూడా కలవలేదు. ఈసారి సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో కొన్న కొత్త గుడ్డను పక్కన పెట్టి, అమ్మమ్మ పాత నేత చీరలను నాలుగు పొరలుగా పరిచి, మధ్య నుంచి అంచుల వైపు పెద్ద పెద్ద టాకాలు వేసుకుంటూ వెళ్లాను, ఎందుకంటే అంచుల దగ్గర మొదలుపెడితే వదులు గుడ్డంతా నడుమకు చేరి ముడతలు పడుతుంది. ఆ తరువాత లావు దారంతో చేతికుట్టే వేశాను. కుట్లు వంకరగానే వచ్చాయి, నాకు అవే నచ్చాయి. దూది పొర పెట్టలేదు. హైదరాబాద్ చలికి అంత అవసరం లేదు, పైగా ఉతికితే ఒక పట్టాన ఆరదు. అంచుపట్టీకి వాడిన కొత్త గుడ్డను మాత్రం ముందే తడిపి ఆరబెట్టాను, లేకపోతే మొదటి ఉతుకుకే కుంచించుకుపోయి పాత చీరను లాగేస్తుంది. కట్టర్‌ను ఎవరికీ ఇచ్చేయలేదు. ఆ పట్టీలను తిన్నగా కోయడానికి ఇప్పటికీ అదే కావాలి.