థైరాయిడ్ మాత్ర: డోసు కుదిరేదాకా నా అనుభవం

థైరాయిడ్ హార్మోన్ తక్కువైన వాళ్లకు ఇచ్చే లెవోథైరాక్సిన్ మాత్ర మొదలుపెట్టిన వారం తిరక్కుండానే "ఇంకా నీరసం తగ్గలేదేంటి మేడమ్?" అని డాక్టర్ గారిని అడిగాను. ఆవిడ ఓపిగ్గా చెప్పిన విషయాలే తర్వాతి నెలల్లో నాకు ధైర్యాన్నిచ్చాయి. కొత్తగా మాత్ర మొదలుపెట్టిన వాళ్లకు ఉపయోగపడతాయని రాస్తున్నాను.

నాకు లక్షణాలు ఒక్కసారిగా రాలేదు. రాత్రంతా నిద్రపోయినా పొద్దున ఒళ్లు బరువుగా ఉండేది. మలబద్ధకం, పొడిబారిన చర్మం, దువ్వెన నిండా జుట్టు, అందరూ ఫ్యాన్ వేసుకునే వేళ నాకు మాత్రం చలి. వీటిలో దేన్ని విడిగా చూసినా జబ్బులా అనిపించదు, పని ఒత్తిడి అని సరిపెట్టుకుంటాం. మేడమ్ నన్ను కుర్చీలో మోకాళ్ల మీద ఉండమని, మడమ పైన చిన్న సుత్తితో తట్టారు. పాదం చటుక్కున కదిలింది. వెనక్కి మాత్రం మెల్లగా, బద్ధకంగా వచ్చింది. థైరాయిడ్ హార్మోన్ బాగా తగ్గితే ఇలా ఉంటుందని చూపించారు. ఎవరికీ సరిగ్గా చెప్పుకోలేకపోయిన నా మందగొడితనం కళ్లెదుట కనబడేసరికి ఏడుపొచ్చింది.

రిపోర్టులో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్) ఎక్కువ, ఫ్రీ టీ4 (రక్తంలోని థైరాయిడ్ హార్మోన్) తక్కువ, యాంటీ టీపీఓ (థైరాయిడ్‌కు వ్యతిరేకంగా ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలు) పాజిటివ్. హషిమోటో అన్నారు. మన రోగనిరోధక వ్యవస్థే థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీసే ఈ జబ్బును 1912లో జపాన్ వైద్యుడు హకారు హషిమోటో మొదట వివరించారు. టీఎస్‌హెచ్ పెరిగిందంటే థైరాయిడ్ ఎక్కువైందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌ను పనిచేయమని వేసే కేక లాంటిది. థైరాయిడ్ పలకని కొద్దీ కేక పెద్దదవుతుంది.

ఇక నా ప్రశ్నకు జవాబు. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు 7 రోజులు పడుతుంది. రోజూ వేసుకుంటుంటే రక్తంలో ఒక స్థాయికి వచ్చి నిలబడడానికి 5, 6 వారాలు కావాలి. దాన్ని బట్టి పిట్యూటరీ కూడా సర్దుకోవాలి. అందుకే డోసు మార్చాక 6 నుంచి 8 వారాలు ఆగి టీఎస్‌హెచ్ చూస్తారు. టెన్షన్‌తో ముందే చేయిస్తే వచ్చే అంకె దారి మధ్యలోది, దాన్ని పట్టుకుని డోసు మారిస్తే అసలుకే మోసం.

నాకు 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచారు. ఒక దశలో డోసు కాస్త ఎక్కువై గుండె దడ, చేతుల్లో వణుకు, నిద్ర పట్టకపోవడం మొదలయ్యాయి. టీఎస్‌హెచ్ ఉండాల్సిన దానికన్నా కిందకి పోయింది, ఒక మెట్టు తగ్గించారు. త్వరగా బరువు తగ్గాలని సొంతంగా మాత్రలు పెంచుకునే వాళ్లు దయచేసి ఈ మాట వినండి. ఎక్కువ డోసు ఏళ్ల తరబడి కొనసాగితే గుండె లయ తప్పవచ్చు, ఎముకలు బలహీనపడవచ్చు.

మాత్ర పొద్దున్నే పరగడుపున, మంచినీళ్లతో. ఆ తర్వాత అరగంట నుంచి గంట దాకా కాఫీ కూడా లేదు. రక్తహీనతకు ఐరన్ కూడా రాయడంతో దాన్ని రాత్రికి మార్చారు. ఐరన్, కాల్షియం ఈ మందును పేగుల్లోనే పట్టేసుకుంటాయి కాబట్టి కనీసం 4 గంటల ఎడం ఉండాలి. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ వాడేవాళ్లు పరీక్షకు ముందే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి, అది థైరాయిడ్ రిపోర్టునే తారుమారు చేయగలదు.

నాకు ముందు మలబద్ధకం తగ్గింది, తర్వాత చలి. జుట్టు ఊడడం అన్నిటికన్నా ఆలస్యంగా ఆగింది. అప్పటికి అంకెలు సరిగ్గా వచ్చి చాలా కాలమైంది.

ఇప్పుడు మేము పిల్లల కోసం చూస్తున్నాం. ఇన్నాళ్లూ ఆగమని చెప్పిన మేడమే ఈసారి ఆగొద్దన్నారు. టెస్ట్ పాజిటివ్ అని తెలిసిన రోజే ఫోన్ చేయాలట. గర్భం వస్తే చాలామందికి డోసు 25 నుంచి 30 శాతం పెంచాల్సి వస్తుంది. తొలి నెలల్లో బిడ్డకు కావాల్సిన థైరాయిడ్ హార్మోన్ తల్లి నుంచే అందాలి.