నాలుగు నాబ్‌లు, నా తిప్పలు

నిన్న రాత్రే ఆఖరి సోల్డర్ చుక్క పెట్టాను. వేలి మీద బొబ్బ ఇంకా మండుతోంది. ఆ మంట ఉండగానే రాసేద్దామని కూర్చున్నాను.

నాది రెండు హంబకర్ల గిటార్. హంబకర్ అంటే తీగల కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే పికప్‌లో ఒక రకం; ఒకటి మెడ వైపు (నెక్), ఒకటి తీగలు ఆనే బ్రిడ్జి వైపు. 1952లో వచ్చిన లెస్ పాల్ గిటార్ పద్ధతిలోనే ఒక్కో పికప్‌కి ఒక వాల్యూమ్, ఒక టోన్, పైన ఏ పికప్ మోగాలో ఎంచుకునే మూడు స్థానాల స్విచ్. అంతకుముందు ఏళ్ల తరబడి ఒక వాల్యూమ్, ఒక టోన్ ఉన్న టెలికాస్టర్ తరహా గిటార్ వాయించినవాణ్ణి. రెండు నాబ్‌ల చోట నాలుగు వస్తే ఇంకేం కావాలి అనుకున్నాను. తీగలు మార్చడం, యాక్షన్ (తీగల ఎత్తు) సరిచేయడం ఒక్క పూటలో అయిపోయాయి.

పరువు పోయింది వేదిక మీద. స్విచ్ మధ్యలో పెట్టి రెండు పికప్‌లూ కలిపి వాయిస్తున్నాను. పాట నెమ్మదించే చోట బ్రిడ్జి పికప్ ఒక్కటే ఉంచుదామని నెక్ వాల్యూమ్‌ని సున్నాకి తిప్పాను. గిటార్ మొత్తం మూగబోయింది. బ్రిడ్జి వాల్యూమ్ పదిలోనే ఉంది, అయినా చప్పుడు లేదు. గాయకుడు అదే చరణం రెండోసారి ఎత్తుకుని నా వైపు చూశాడు. నేను కంగారులో దొరికిన నాబ్‌నల్లా తిప్పేస్తున్నాను. ఇంతలో మా డ్రమ్మర్ లేచొచ్చి, "కేబుల్ రా, కేబుల్!" అంటూ పీకి మళ్లీ గుచ్చాడు. అదే క్షణంలో నా చేయి నెక్ వాల్యూమ్‌ని పైకి తిప్పినట్టుంది, గిటార్ ఒక్కసారిగా అరిచింది. ముందు వరసలో ఒకాయన చెవులు మూసుకున్నాడు. తప్పు కేబుల్‌దేనని అందరం తేల్చేశాం.

కొత్త కేబుల్ తెచ్చాను. అదే కథ. జాక్ మార్చాను. అదే కథ. ఒక టెక్నీషియన్ దగ్గరికి తీసుకెళ్తే, వెనక మూత కూడా విప్పకుండానే "స్విచ్ పోయింది" అన్నాడు. స్విచ్ మార్చి, డబ్బు తీసుకుని పంపాడు. వారం తర్వాత మళ్లీ వెళ్తే నవ్వి, "ఇలాంటి గిటార్లన్నీ అంతే సార్, కంపెనీ వైరింగే అలా ఉంటుంది" అన్నాడు. మరి నా మంచి స్విచ్ ఎందుకు పీకినట్టు? తెలియదని చెప్పడానికి నామోషీ పడే పనివాడి చేతికి వస్తువు ఇవ్వకండి. ముందు మూత విప్పి చూసేవాడి దగ్గరికే వెళ్లండి.

అసలు సంగతి ఇంటికొచ్చి నేనే మూత విప్పి, తీగ వెంట తీగ పట్టుకుని చూస్తే అర్థమైంది. స్విచ్ మధ్యలో ఉంటే రెండు వాల్యూమ్ పాట్‌లకీ (నాబ్ కింద ఉండే తిప్పుడు రెసిస్టర్లకి) ఉన్న మూడేసి కాళ్లలో మధ్యవి ఒకదానికొకటి కలిసిపోతాయి. ఒకదాన్ని సున్నాకి తిప్పామంటే దాని మధ్య కాలు గ్రౌండ్‌కి, అంటే సిగ్నల్ బయటికి రాకుండా ఇంకిపోయే చోటికి, అంటుకుంటుంది. దాంతోపాటు రెండో పికప్ సిగ్నల్ కూడా గ్రౌండ్‌లోకే పోతుంది. అంతే.

దీనికి మందు ఉంది. పికప్ తీగనీ బయటికెళ్లే తీగనీ పాట్ మీద అటూ ఇటూ మార్చి సోల్డర్ చేస్తే ఏ వాల్యూమ్ దారి దానిదే. చేశాను. గిటార్ మూగబోవడం ఆగింది కానీ, వాల్యూమ్ కాస్త తగ్గించగానే పదునంతా పోయి దుప్పటి కప్పుకుని వాయించినట్టు వినిపించింది. రెండు రోజులు ఓర్చుకున్నాను.

విసుగొచ్చి అన్నీ పీకేసి, ఒక 500కె (500 కిలో ఓమ్‌ల) వాల్యూమ్, ఒక 500కె టోన్, 0.022 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాను. నిజం చెప్పాలంటే హాయిగా ఉంది. పికప్‌ల మీద రెండో జత పాట్‌ల బరువు లేకపోయేసరికి స్విచ్ మధ్యలో ఉన్నప్పుడు ధ్వని తేటపడింది కూడా. ఒకే పికప్‌తో పాటంతా లాగించేవాళ్లు కళ్లు మూసుకుని ఇదే పెట్టుకోవచ్చు. రాక్ గిటారిస్ట్ ఎడీ వాన్ హేలెన్ ప్రసిద్ధ గిటార్‌కి ఉన్నది ఒక్క వాల్యూమ్ నాబే.

కానీ పోయినదేమిటో సాధనలో తెలిసింది. ఇదివరకు నెక్ వాల్యూమ్ ఆరులో, బ్రిడ్జిది పదిలో పెట్టుకునేవాణ్ణి. స్విచ్ ఒక్క దెబ్బ కొడితే రిథమ్ నుంచి సోలోకి గంతు. ఇప్పుడు స్విచ్ కొట్టాలి, వాల్యూమ్ కూడా తిప్పాలి, రెండూ ఒకే చేత్తో. సోలో మొదటి స్వరం ప్రతిసారీ పీలగానే వచ్చింది.

టోన్ నాబ్‌లు రెండున్నా పాట మధ్యలో నేను ముట్టుకున్నది ఎప్పుడూ లేదు. అందుకే చివరికి రెండు వాల్యూమ్‌లు, ఒకే టోన్ దగ్గర ఆగాను, ఫెండర్ జాజ్ బేస్ గిటార్ లాగా. టోన్‌ని స్విచ్ తర్వాత కలిపితే వాల్యూమ్ తగ్గించినా పదును అంతగా చావట్లేదు. నాలుగో కంతలో ఏ తీగా లేని పాట్ ఒకటి బిగించాను. కొత్త పాట్‌లకి పాత నాబ్‌లు ఎక్కుతాయని మాత్రం ధీమాగా ఉండకండి. కాడ మీద గాట్లు కొన్నిటికి 18, కొన్నిటికి 24. నేను బలవంతంగా నొక్కి ఒకటి పగలగొట్టాను.

వాల్యూమ్‌లని మాత్రం మళ్లీ పాత వైరింగ్‌కే మార్చేశాను. మధ్య స్థానంలో సున్నాకి తిప్పకూడదు, రెండు దగ్గర ఆగితే చాలు. పైగా నెక్‌ని సున్నాలో పెట్టి, స్విచ్‌ని తాళానికి తగ్గట్టు అటూ ఇటూ కొడితే ధ్వని ముక్కలు ముక్కలుగా తెగి భలే ఉంటుంది. ఇవాళ పొద్దున సాధనలో అది వాయించి చూపించాను. రెండో దెబ్బకే డ్రమ్మర్ కర్రలు పక్కన పడేసి నా కేబుల్ మీదికి పరిగెత్తుకొచ్చాడు.