నెమ్మదైన సానరాయి, మంగలి కత్తి

జర్మనీలోని సోలింగెన్‌కు కత్తుల పట్టణమని పేరు. ఆ ఊరి పేరును ఎవరు పడితే వాళ్లు కత్తుల మీద వేసుకోకుండా 1938లో ప్రత్యేకంగా చట్టమే చేశారు. ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన నేను ఇక్కడ ఒక చిన్న పనిశాలలో పాత మంగలి కత్తులకు చేత్తో పదును పెడుతుంటాను. పనిగంటకు ఖరీదు ఎక్కువగా ఉండే దేశం కాబట్టి, రాయి నెమ్మదిగా అరగదీస్తున్నదంటే అది యజమానికీ పనివాడికీ కూడా పట్టించుకోవలసిన విషయమే.

చీమకుర్తిలో క్షౌరశాల నడిపే మా బాబాయికి కిందటి సెలవుల్లో ఒక పసుపుపచ్చ బెల్జియం సానరాయి తీసుకువెళ్లి ఇచ్చాను. అంగట్లో ఆయన అందరికీ కొత్త బ్లేడు వేసే గడ్డం గీస్తాడు గానీ, తాత కత్తిని మాత్రం పొదిలో భద్రంగా ఉంచుకుని తన గడ్డానికి వాడుకుంటాడు. కొన్నాళ్లకు ఫోన్ చేసి, "ఏంది అబ్బయా, రాయేమో అద్దంలాగా నున్నగా ఉంది, ఎంతసేపు నూరినా వాదర లేవడం లేదే" అన్నాడు. ఆయనకు అప్పుడు చెప్పినదే ఇక్కడ ఇంకొంచెం వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే నెమ్మదైన రాయిని చెడ్డ రాయి అనుకుని పక్కన పడేసేవాళ్లు ఇక్కడా ఉన్నారు, మన దగ్గరా ఉన్నారు.

ఆ పసుపుపచ్చ రాయిని కోటికూల్ అంటారు. బెల్జియంలోని ఆర్డెన్ కొండల్లో, వియెల్సామ్ పరిసరాల్లో దొరుకుతుంది. ఉక్కును అరగదీసేది అందులోని గార్నెట్ అనే గట్టి ఖనిజపు కణాలు. వాటిని పట్టి ఉంచేది అభ్రకం జాతికి చెందిన మెత్తని ఖనిజం. గూడూరు గనుల అభ్రకాన్ని చూసిన నెల్లూరు వాళ్లకు ఆ జాతి కొత్తేమీ కాదు. గార్నెట్ కణాలు వాడి మొనలతో కాకుండా గుండ్రానికి దగ్గరగా, అనేక ముఖాలతో ఉంటాయి. పైగా ఒట్టి నీళ్లతో నూరేటప్పుడు రాతిలో కూరుకుపోయి తలలు మాత్రమే బయట పెడతాయి. అందుకే గీత లోతుగా పడదు, పని ముందుకు సాగదు. అయితే చివరి మెరుగులో వాదర మృదువుగా ఉండి చర్మాన్ని మండించకపోవడానికి కారణం కూడా ఇదే.

వేగం కావాలంటే ఆ కణాలను రాతి నుంచి విడిపించాలి. రాయి మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి, అదే రాతి ముక్కతో గానీ వజ్రపు పొడి అంటించిన పలకతో గానీ సున్నాలు చుడుతూ రుద్దితే, సాన మీద గంధం తీసినట్లు పాలరంగు గుజ్జు వస్తుంది. అప్పుడు గార్నెట్లు విడిపోయి వాదర వాలు, అంటే అంచు దగ్గర రాతికి ఆనే ఏటవాలు భాగం, కింద దొర్లుతూ ఉక్కును తీస్తాయి. కత్తి వెన్నూ వాదరా రెండూ రాతికి ఆనించి, వాదర ముందుండేలా నడిపితే ఆ గుజ్జు క్రమంగా బూడిదరంగుకు తిరుగుతుంది. ఆ బూడిదరంగు కత్తి నుంచి ఊడిన ఉక్కే. రంగు తిరగకపోతే గుజ్జు పలచబడిందని గానీ, వాదర అసలు రాతికి తగలడం లేదని గానీ అర్థం. వాలు మీద మార్కర్ పెన్నుతో నల్లగా పూసి రెండు సార్లు నడిపితే తగలని చోటు తెలిసిపోతుంది.

గుజ్జుతోనే చివరిదాకా నూరకూడదు. అందులో తేలే కణాలు వాదర కొసకు ఎదురుగా వచ్చి కొట్టుకుని, వచ్చే పదునును తామే కొంత చెరుపుతాయి. అందువల్ల పని సాగుతున్నకొద్దీ ఒక్కో చుక్క నీరు కలుపుతూ పలచన చేసి, ఆఖరున రాయిని కడిగి ఒట్టి నీళ్ల మీద ముగించాలి. వేగంగా మొదలుపెట్టి నెమ్మదిగా ముగించే ఈ సౌలభ్యం ఒకే రాతిలో దొరుకుతుంది కనుకనే నాకు కోటికూల్ అంటే అంత గౌరవం.

అమెరికాలో దొరికే అర్కాన్సాస్ సానరాయి సంగతి వేరు. అది దాదాపు పూర్తిగా స్ఫటికశిల, కణాలు ఒకదానికొకటి గట్టిగా కరచుకుని ఉంటాయి, గుజ్జు ఇవ్వదు. దాని వేగమంతా పైముఖం ఎంత గరుకుగా ఉందన్న దాని మీదే ఆధారపడుతుంది. వాడేకొద్దీ ముఖం నునుపెక్కి, నూరేటప్పుడు వేసే నూనె ఉక్కుపొడితో కలిసి జిడ్డుగా పేరుకుంటుంది. ముందు సబ్బుతో శుభ్రంగా కడిగి, చదునైన పలక మీద సిలికాన్ కార్బైడ్ అనే గరుకు పొడి, నీళ్లు వేసి ఒక ముఖాన్ని గరుకుగా తేర్చాలి. రెండో ముఖాన్ని నున్నగానే ఉంచుకుంటే మెరుగుకు పనికొస్తుంది. చదునైన పలక కోసం మా పనిశాలలో గ్రానైట్ దిమ్మె ఉంది. చీమకుర్తి వాళ్లకు దాని కోసం వెతుకులాట అక్కరలేదు, పాలిష్ పట్టిన గ్రానైట్ ముక్క చాలు. కాకపోతే దాని మెరుగు పోతుంది కనుక పనికిరాని ముక్కనే ఎంచుకోవాలి. ఈ పని ఎప్పుడూ తడిగానే చేయాలి, పొడిగా చేస్తే లేచే రాతి దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. క్వారీల పక్కన పెరిగిన మనకు దీన్ని ఎవరో వచ్చి చెప్పాల్సిన పని లేదు.

కొత్తగా చేరినవాళ్లు వేగం కోసం కత్తిని అదిమి పడతారు. మంగలి కత్తి రేకు రెండు వైపులా లోతుగా తొలిచి ఉంటుంది కాబట్టి అదిమితే వంగుతుంది, వాలు ఒక్కతీరుగా రాదు, వెన్ను అనవసరంగా అరుగుతుంది. అసలు మొక్కపోయిన కత్తిని మెరుగు రాయి మీదకు తేవడమే అన్యాయం. పంటి గాట్లను 1000 నంబరు రాయి మీద (నంబరు పెరిగేకొద్దీ రాయి నునుపు) తీసేసి, రెండు వాలులూ కొసదాకా కలిసేలా చేసి, 5000, 8000 నంబర్ల మీద ఆ గీతలను చెరిపిన తర్వాతే కోటికూల్‌కు అప్పగించాలి. వాలులు కలిశాయో లేదో భూతద్దంలో చూడాలి. మా దగ్గర ఆలస్యమైన కత్తుల్లో ఎక్కువ భాగం ఈ మొదటి మెట్టులో తొందరపడినవే.

బాబాయిని అడిగితే ఆయన 1000 రాయి మాటే ఎత్తలేదు. తాత కత్తిని నేరుగా పసుపు రాయి మీద పెట్టాడట. ఒంగోలులో ఆ నంబరు రాయి ఒకటి కొనిపించాను. వాలు కుదిరిన తర్వాత గుజ్జు తీసి, పలచన చేస్తూ నడిపితే, రాయి మీది నీరు వాదర ముందు ఆగకుండా రేకు పైకి ఎక్కిందని వీడియో కాల్‌లో చూపించాడు. కొస రాతిని ఎక్కడా ఖాళీ లేకుండా పట్టుకుందనడానికి అది మంచి గుర్తు. ఆ తర్వాత తోలుపట్టా మీద వెన్ను ముందుంచి తిప్పమన్నాను, ఆ పనిలో ఆయనకు నేను చెప్పవలసినది ఏమీ లేదు.