పైల్సేలే అని వదిలేయకండి

మా ల్యాబు గోడకి రేట్ల బోర్డు ఉంటుంది. షుగరు, థైరాయిడ్, విడాల్, డెంగ్యూ... అలా దిగుతూ పోతే దాదాపు అడుగున 'స్టూల్ అకల్ట్ బ్లడ్' అని ఒక లైను కనిపిస్తుంది. అంటే మలంలో కంటికి కనబడని రక్తం ఉందేమో చూసే పరీక్ష, పెద్దపేగు క్యాన్సర్‌ని ముందే పసిగట్టడానికి. నరసన్నపేటలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరిన దగ్గర్నుంచి ఆ పరీక్ష చేయమని తమంతట తాముగా వచ్చి అడిగినవాళ్లని నేను చూడలేదు. షుగరు పరీక్షకైతే ఎవరూ చెప్పక్కర్లేదు, పరగడుపున వచ్చి చెయ్యి చాపుతారు. ఇది మాత్రం డాక్టరు రాస్తేనే. రాసినా, డబ్బీ చేతిలో పెట్టగానే మొహం అదోలా పెట్టి "ఇది కూడా తేవాలేటమ్మా?" అని, అటునుంచి అటే వెళ్లిపోయేవాళ్లు చాలామంది. అందుకే ఇది రాస్తున్నాను. ఇంట్లో యాభై దాటినవాళ్లుంటే కాస్త ఓపిగ్గా చదవండి.

పెద్దపేగు క్యాన్సర్ చాలావరకు పేగు లోపలి పొర మీద పాలిప్ అనే చిన్న కండతో మొదలవుతుంది. పాలిప్‌లన్నీ క్యాన్సర్లు అవవు. మారే కొన్నింటికి కూడా మామూలుగా 10 ఏళ్లకి అటూఇటుగా పడుతుంది. అంత గడువు ఇచ్చే క్యాన్సర్లు తక్కువ. ఆ గడువులో కొలనోస్కోపీలో, అంటే మలద్వారం నుంచి కెమెరా గొట్టం పంపి పేగు చూసే పరీక్షలో, పాలిప్ కనబడితే ఆ గొట్టంతోనే అక్కడికక్కడ తీసేస్తారు. పేగు దాటక ముందు దొరికిన క్యాన్సర్‌కి అమెరికా లెక్కల్లో నూటికి 90 మంది ఐదేళ్ల పైన బతుకుతున్నారు. కాలేయానికో ఊపిరితిత్తులకో పాకాక దొరికితే ఆ లెక్క 15 దగ్గరికి పడిపోతుంది. రోగం అదే, కనుక్కున్న సమయమే వేరు.

ఆ పాలిప్‌లు, తొలిదశ గడ్డలు మధ్యమధ్యలో కొంచెం కొంచెం రక్తం కారుస్తాయి. మలంలో కలిసిపోయి కంటికి కనబడనంత కొంచెం. ఈ పరీక్ష వెతికేది దాన్నే. పాత పద్ధతిలో రసాయనం వేసి రంగు మారుతుందేమో చూసేవాళ్లు. దానికి ముందు మూడు రోజులు మేకమాంసం, కొన్ని కూరగాయలు, విటమిన్ సి మాత్రలు మానాలి, లేకపోతే ఫలితం అటో ఇటో తప్పుతుంది. ఇప్పుడొస్తున్న ఫిట్ అనే రకం మనిషి హిమోగ్లోబిన్‌ని మాత్రమే గుర్తుపడుతుంది. తిండి పథ్యం అక్కర్లేదు. ఐరన్ మాత్రలు వేసుకుని నల్లగా వస్తున్నా దీనికి అడ్డు కాదు. మా దగ్గర కార్డు రూపంలో ఉంటుంది, గర్భం పరీక్ష కార్డులాగే రెండో గీత వస్తే పాజిటివ్. మీ ల్యాబులో ఏ రకం చేస్తారో ముందే అడగండి, పథ్యం సంగతి తేలిపోతుంది.

ఇక ఎవరూ నోరు విప్పి అడగని విషయం, శాంపిల్ ఎలా తీయాలి? మన ఇళ్లలో ఎక్కువగా కింద కూర్చునే దొడ్లే. కూర్చోబోయే ముందు నీళ్లు కుమ్మరించే అలవాటు అందరికీ ఉంటుంది. ఆ రోజు కుమ్మరించకండి. పాత న్యూస్‌పేపరు నాలుగు మడతలేసి బేసిన్‌లో పరవండి. నీళ్లు, మూత్రం, దొడ్డి కడిగే యాసిడ్ తగలకూడదు. అయ్యాక డబ్బీతో ఇచ్చిన పుల్లతో ఒకేచోట కాకుండా నాలుగైదు చోట్ల గీరి తీయండి, రక్తం అంతటా సమానంగా ఉండదు కాబట్టి. చింతగింజంత చాలు. కొందరు నిండా తెస్తారు, అవసరమే లేదు. కాగితంతో మిగతాది దొడ్లో పోసేసి, కాగితాన్ని కవర్లో చుట్టి పారేసి, చేతులు సబ్బుతో కడుక్కుంటే పని అయిపోయింది. ఆడవాళ్లు నెలసరిలో ఉంటే ఆ రోజులు దాటాక, మొలల నుంచి రక్తం పడుతుంటే అది ఆగాక తీయాలి.

మన ఎండల గురించి కూడా చెప్పాలి. వేడికి హిమోగ్లోబిన్ చెడిపోతుంది. ఇటలీలో వేసవిలో చేసిన ఫిట్ పరీక్షల్లో పాజిటివ్‌లు తగ్గుతున్నాయని గమనించారు. రోగం తగ్గి కాదు, శాంపిల్ పాడై. ఇటలీ వేసవికే అలా ఉంటే మన రోహిణి కార్తె మాటేంటి? పొద్దున్న తీసిన డబ్బీని బండి డిక్కీలో పెట్టి, బజారు పనులన్నీ చూసుకుని, మధ్యాహ్నం ఒంటిగంటకి నా టేబుల్ మీద పెట్టేవాళ్లుంటారు. నేను తీసుకోను, మళ్లీ తెమ్మంటాను, కోప్పడతారు. తీయగానే నేరుగా ల్యాబుకే రండి.

అన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది 'పైల్స్' అన్న మాట. మా వైపు విరోచనంలో రక్తం అంటే పైల్సే, ఇంకో పేరు లేదు. సంతలో పైల్స్ మందు, ఊళ్లో పసరు, ఆర్‌ఎంపీ ఇచ్చే గొట్టం మందు. వీటితోనే ఏళ్లు గడిపేస్తారు. మొలలున్న మనిషికి పాలిప్ ఉండకూడదన్న రూలేమీ లేదు. అసలు రక్తం కంటికి కనబడుతుంటే, విరోచనం అలవాటు వారాల తరబడి మారిపోయి ఉంటే, బరువు తగ్గుతుంటే, ఈ కార్డు కోసం చూడక్కర్లేదు, నేరుగా డాక్టరు దగ్గరికే వెళ్లాలి. కార్డు అసలు ఉద్దేశం ఏ బాధా లేనివాళ్ల కోసం.

మా మేనమామది పొందూరు వైపు. వయసు 58. వ్యవసాయం చేసిన ఒళ్లు, కూర్చోమన్నా కూర్చోడు. పోయిన ఏడాది నుంచి గట్టు ఎక్కితే ఆయాసం. రక్తం తక్కువని టానిక్ తాగాడు. రక్తపరీక్ష నేనే చేశాను, హిమోగ్లోబిన్ తొమ్మిదికి కాస్త పైన, కణాలు చిన్నవిగా, పాలిపోయి ఉన్నాయి. ఐరన్ లేదని తెలుస్తూనే ఉంది. నెలసరి ఉన్న ఆడపిల్లకి ఐరన్ తగ్గితే కారణం ఊహించొచ్చు. ఈ వయసు మగవాడికి, నెలసరి ఆగిన ఆడవాళ్లకి తగ్గితే, రక్తం ఎక్కడికో పోతోందేమోనని అనుమానించాలి. "మావయ్యా, మోషన్ పరీక్ష కూడా చేద్దాం" అన్నాను. "ఓసి, పైల్సేలేయే! నా పెళ్లినాటికే ఉన్నాయవి" అన్నాడు. మేనకోడలి చేతికి ఆ డబ్బీ ఎలా ఇస్తాడు, సిగ్గు. అత్త చేత పంపించాడు. రెండో గీత స్పష్టంగా వచ్చింది.

అప్పుడు అందరూ అనే మాటే ఆయనా అన్నాడు: "ఇంకోపాలి సెయ్యి." ఇక్కడ గట్టిగా చెప్తున్నాను, పాజిటివ్ వచ్చాక అదే పరీక్ష మళ్లీ చేయించకండి. రక్తం రోజూ కారదు కాబట్టి రెండోసారి నెగెటివ్ రావచ్చు. ఆ నెగెటివ్ మొదటిదాన్ని కొట్టేయదు. పాజిటివ్ వచ్చిన చాలామందికి క్యాన్సర్ ఉండదు. మొలలు కావచ్చు, పేగు వాపు కావచ్చు, చెప్పుల్లేకుండా తోటల్లో తిరిగేవాళ్లకి కొంకిపురుగులు కావచ్చు. కానీ ఏదో తేల్చగలిగేది కొలనోస్కోపీయే. అమెరికాలో ఫిట్ పాజిటివ్ వచ్చిన 70 వేల మందిని చూసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, కొలనోస్కోపీ 10 నెలలు దాటాక చేయించుకున్నవాళ్లలో క్యాన్సర్, అందులోనూ ముదిరినది, ఎక్కువగా బయటపడింది.

నెగెటివ్ వచ్చినవాళ్లూ నిశ్చింతగా మర్చిపోకూడదు. ఒక్కసారి ఫిట్ చేస్తే 100 క్యాన్సర్లలో 80 దాకా పట్టుకుంటుంది. పాలిప్‌లని అయితే సగానికి పైగా వదిలేస్తుంది. అందుకే ఏడాదికో రెండేళ్లకో మళ్లీ మళ్లీ చేయాలి. దీని బలమంతా మళ్లీ మళ్లీ చేయడంలోనే ఉంది. అమెరికాలోని మిన్నెసోటాలో 46 వేల మందికి పైగా చూసిన అధ్యయనంలో, పాత రకం పరీక్షే ఏటా చేసినవాళ్లలో 13 ఏళ్లకి ఈ క్యాన్సర్ చావులు మూడో వంతు తగ్గాయని 1993లో తేలింది. జపాన్‌లో 1992 నుంచి నలభై దాటినవాళ్లకి ఇది ప్రభుత్వ కార్యక్రమం. ఇంగ్లండ్‌లో కిట్ పోస్టులో ఇంటికే వస్తుంది. మన ఊళ్లకి ఆశ, ఏఎన్‌ఎం వచ్చి బీపీ, షుగరు చూస్తారు, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల గురించి అడుగుతారు. పెద్దపేగు ఆ జాబితాలో లేదు. మన దేశంలో ఇది పడమటి దేశాలంత ఎక్కువ కాదన్నది నిజమే. కానీ వచ్చినవాడికి ఆ లెక్కతో పనేముంది? కార్యక్రమం వచ్చేదాకా ఎవరికివారు అడిగి చేయించుకోవడమే దారి, మా బోర్డు మీద థైరాయిడ్ కంటే తక్కువ రేటే.

మావయ్యకి కొలనోస్కోపీ విశాఖపట్నంలో. ముందురోజు పొడి కలిపిన నీళ్లు లీటర్ల కొద్దీ తాగాలి, కడుపు ఖాళీ అయ్యేదాకా పదిసార్లయినా దొడ్డికెళ్లాలి. అది తాగి శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో బస్సెక్కలేరు. దూరం నుంచి వెళ్లేవాళ్లు ముందురోజే వెళ్లి చుట్టాలింట్లోనో లాడ్జిలోనో ఉండండి, దొడ్డి దగ్గర్లో ఉన్న గది చూసుకోండి. మేం మద్దిలపాలెంలో మా పిన్ని ఇంట్లో దిగాం. పరీక్ష మత్తులో జరిగింది, ఆయనకేమీ తెలియలేదు. పేగుకి ఎడమవైపు, కాడతో ఉన్న పెద్ద పాలిప్ కనబడితే తీసేశారు. బయాప్సీలో క్యాన్సర్‌కి ఒక్క మెట్టు ముందున్న కణాలు. కోత లేదు, కీమో లేదు. డాక్టరు చెప్పిన గడువుకి మళ్లీ పేగు చూపించుకోవాలి.

రిపోర్టు చేతికిచ్చాక డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, తోడబుట్టినవాళ్లెందరు, పిల్లలెందరని. అరవై లోపు ఇలాంటి పాలిప్ దొరికిన మనిషి తోడబుట్టినవాళ్లు, పిల్లలు నలభై నుంచే, లేదా ఆ మనిషికి దొరికిన వయసుకి పదేళ్ల ముందు నుంచే, కొలనోస్కోపీ చేయించుకోవాలట. మా అమ్మ ఆయనకి అక్క. "నాకేటి రోగమే, తిని తిరుగుతన్నాను గదా" అంటోంది. సంక్రాంతి పనులయ్యాక వస్తానని చివరికి ఒప్పుకుంది. తేదీ రాయించేశాను, మావయ్య కొడుకుకి కూడా.