గిద్దలూరు దాకా బుల్లెట్ల మీద, మిలిటరీ వాళ్ల కోసం

అమెరికాలో రన్ ఫర్ ది వాల్ అని ఒక బైక్ రైడ్ జరుగుతుంది. వియత్నాం యుద్ధం చేసొచ్చిన ఇద్దరు మాజీ సైనికులు 1989లో మొదలుపెట్టారు. ఏటా మే నెలలో కాలిఫోర్నియా నుంచి వందల బండ్లు దేశమంతా అడ్డంగా దాటి వాషింగ్టన్ పోతాయి, ఆ యుద్ధంలో పోయిన 58 వేల మందికి పైగా పేర్లు చెక్కిన నల్లరాతి గోడ దగ్గరికి. మా నెల్లూరు బ్యాచ్‌లో ఒకడు ఈ వీడియోలు చూసి చూసి, మనమూ చేద్దాం మామా అని ప్రాణం తీశాడు. నాకైతే ఆ దూరం కన్నా, దారిలో వాళ్లు పాత సైనికుల ఆస్పత్రుల దగ్గర ఆగి పలకరించి పోవడం నచ్చింది.

మన దగ్గర మాజీ సైనికుల దినం జనవరి 14. మన సైన్యానికి తొలి భారతీయ అధిపతి జనరల్ కరియప్ప 1953లో అదే రోజు రిటైరయ్యారు. కానీ ఆ తేదీకి మనకు భోగో సంక్రాంతో ఉంటుంది, బండి తీస్తానంటే ఇంట్లో ఊరుకుంటారా? అందుకని నవంబరు చివర్లో ఒక ఆదివారం పెట్టుకున్నాం. ఎక్కడికి అన్నదానికి చర్చే లేదు, గిద్దలూరు వైపు. కొమరోలు, రాచర్ల, బేస్తవారిపేట చుట్టుపక్కల ఊళ్లలో మిలిటరీకి పోవడం మనవైపు ఆక్వాలో దిగినంత మామూలు.

నవంబరంటే నెల్లూరులో వానాకాలమే కదా. తెల్లారకముందే రెయిన్‌కోట్లు తొడుక్కుని హైవే ఎక్కితే కావలి దాటేదాకా వదల్లేదు. ముందు దారి చూపే లీడ్ బండి, చివర ఎవరూ వెనకబడకుండా చూసే స్వీప్ బండి, మధ్యలో అందరూ అటొకరు ఇటొకరుగా, ఓవర్‌టేక్ ఆటలు లేవు. జెండాలు చిన్నవే కట్టాలని ముందే గొడవపడి ఒప్పించా. ఆరడుగుల జెండా కర్ర వెనక కట్టుకుని వంద స్పీడులో పోతే గాలికి బండి లాగేస్తుంది, జెండా చినిగిపోతుంది, అది గౌరవమూ కాదు.

ఒంగోలులో టిఫిన్ చేసి చీమకుర్తి దారి పట్టాం. ఇక్కడ టెన్షన్ గ్రానైట్ లారీలతో, ఒక్కో బండ చిన్న గదంత ఉంటుంది, దాని వెనక మన బుల్లెట్ ఏమాత్రం! అన్నట్టు, వాషింగ్టన్‌లోని ఆ గోడకు వాడిన నల్లరాయి బెంగళూరు నుంచే పోయింది. ఈ మాట టీ దగ్గర చెబితే ఒక్కడూ నమ్మలేదు. పొదిలి దాటాక వాన లేదు, తడి లేదు, ఎండ.

గిద్దలూరు దగ్గర ఒక ఊళ్లో రచ్చబండ దగ్గర మాజీ సైనికులు ఎదురుచూస్తున్నారు. దండలు, ఫోటోలు పది నిమిషాల్లో అయిపోయాయి. వాళ్లలో ఒకాయన 1971 యుద్ధమప్పుడు ఆర్మీ సమాచార విభాగం సిగ్నల్స్‌లో డీఆర్ అట, అంటే బుల్లెట్ మీద కాగితాలు మోసుకుపోయే డిస్పాచ్ రైడర్. మన దేశంలోకి బుల్లెట్ అసలు వచ్చిందే ఆర్మీ కోసం, తర్వాత 1955లో మద్రాసులో కంపెనీ పెట్టారు. ఆ పెద్దాయన నా బండి ఎక్కి కూర్చుని కుడికాలితో గేరు వెతుక్కుంటున్నాడు. "ఏంది నాయనా, గేరు యాడబెట్టినారు?" పాత బుల్లెట్లకు గేరు కుడివైపు, బ్రేకు ఎడమవైపు. ఎడమ పక్కన చూపించాను. "ఇట్టయితే మాకు అలవాటు పడేసరికి యుద్ధం అయిపోయేది" అన్నాడు. అందరం ఒకటే నవ్వు.

తర్వాత ఆయనే మెల్లగా ఫోన్ తీశాడు. పెన్షన్‌కు బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ పెట్టాలి, మిలిటరీ పెన్షన్ల వెబ్‌సైట్ స్పర్శ్‌లో ఎట్లా చేయాలో తెలియదు, వేలిముద్ర పడటం లేదు. సేద్యం చేసి చేసి వేళ్లు అరిగిపోతే స్కానర్ ఏం చేస్తుంది? మా వాడొకడికి ఈ సర్టిఫికెట్ ఫోన్‌లోనే పెట్టే జీవన్ ప్రమాణ్ యాప్ తెలుసు, అందులో ముఖం చూపిస్తే చాలు. ఆధార్, పీపీఓ (పెన్షన్ మంజూరు పత్రం) నంబరు ఉంటే కాసేపటి పని. ఆయనది అయిందని తెలిసి ఇంకొకరు, వాళ్ల తమ్ముడు, పక్క వీధి నుంచి ఇంకో పెద్దాయన ఇంట్లోంచి పీపీఓ కాగితం వెతుక్కుని మరీ వచ్చాడు. మధ్యాహ్నం మీటింగు, స్పీచులు అనుకున్నవి ఎగిరిపోయాయి, ఎవరూ బాధపడలేదు కూడా.

ఒక అమ్మ పని మాత్రం మా చేతిలో లేదు. భర్త సర్వీసు రికార్డుల్లో ఆమె పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంది, ఫ్యామిలీ పెన్షన్ ఆగింది. ఇది యాప్‌తో తేలేది కాదు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం నుంచి ఆర్మీ రికార్డ్ ఆఫీసుకు పోవాలి. కాగితాలు ఫోటో తీసుకున్నాం, మాలో ఒంగోలు కుర్రాడు ఆ పని వెంటపడి చూస్తున్నాడు.

నిజం చెప్పాలంటే ఇలాంటి రైడ్‌లలో సగం రీల్స్ కోసమే వస్తారు, మాలోనూ ఉన్నారు. రానివ్వండి, వాళ్ల బండి వెనక సీటు ఖాళీనే కదా, సర్టిఫికెట్లు అక్కడే తీసివ్వడానికి ప్రింటర్ కట్టొచ్చు. ఈసారి కంభం చెరువు పక్క ఊళ్లకు కూడా పోవాలని ఉంది. వచ్చేవాళ్లు హెల్మెట్, రెయిన్‌కోట్, పవర్‌బ్యాంక్ తెచ్చుకోండి, ఫోన్‌లో జీవన్ ప్రమాణ్ ఇంటి దగ్గరే వేసుకుని మీ తాతకో నాయనకో ఒకసారి చేసి చూసి రండి.