"సాయం చేయనా?"

నిన్న మీటింగ్‌లో ఆరుగురం. నోట్స్ ఎవరు రాసుకుంటారు అనగానే ఐదుగురూ నా వైపే చూశారు. టీమ్ లీడ్‌ని నేను! ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. నోట్‌బుక్ పక్కతని ముందుకు జరిపేశా.

ఇంటికొస్తే సింకు నిండా గిన్నెలు. "సాయం చేయనా?" అన్నారు మావారు. సాయమట! అంటే పని నాది, దయ ఆయనది. సమాజశాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1989లోనే ఆఫీసు పని అయ్యాక ఇంట్లో మొదలయ్యే ఈ పనిని 'రెండో షిఫ్టు' అంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018 లెక్క ప్రకారం ప్రపంచంలో జీతం లేని ఈ చాకిరీ ఆడవాళ్ళకి రోజుకు సగటున 4 గంటల 25 నిమిషాలు, మగవాళ్ళకి 1 గంట 23 నిమిషాలు. ఆ నంబర్లు ఆయనకి చదివి వినిపించా.

గిన్నెలు తోమారు లెండి. స్క్రబ్బర్ ఎక్కడుందని మాత్రం మూడుసార్లు అడిగారు.