బులీమియా ట్రీట్‌మెంట్ - నా అనుభవం

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా వైపు తిండి గురించి డాక్టర్ దగ్గరికెళ్తే గ్యాసో షుగరో అయ్యుండాలి, లేదంటే 'ఆ నోరు కట్టుకోలేవా' అంటారు, అంతే. నేను పగలంతా ఏమీ ముట్టకుండా ఉండి, రాత్రయ్యేసరికి వంటింట్లో ఏది దొరికితే అది, అత్తయ్య పంపిన పూతరేకుల డబ్బాతో సహా ఖాళీ చేసేసి వాంతి చేసుకునేదాన్ని. ఈ జబ్బునే బులీమియా అంటారు. ముందు చూపించినాయన గ్యాస్ టాబ్లెట్లిచ్చి పంపేశారు. పళ్లు జివ్వుమంటున్నాయని వెళ్తే పళ్ల డాక్టరమ్మ పట్టేశారు, ఎనామెల్ అరిగిన తీరు చూసి అమ్మని బయట కూర్చోమని నన్నడిగారు, ఆవిడే రాజమండ్రిలో సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపించారు.

ఆయన ముందు రక్తపరీక్ష రాశారు. వాంతులకి పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుందంట, అది విన్నాక అమ్మ సాధించడం ఆపేసింది. కడుపు ఖాళీగా ఉంటే గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ పెరిగి మెదడులో ఆకలి సంగతి చూసే హైపోథాలమస్‌ని తినమని పోరు పెడుతుంది, ఒంట్లో కొవ్వు నుంచొచ్చే లెప్టిన్ అనే ఇంకో హార్మోన్ చాల్లే అంటుంది, పస్తులుంటే ఈ లెప్టిన్ కాస్తా తగ్గిపోతుంది. అంటే పగలు నేనెంత బిగబట్టుకుంటే రాత్రి అంత గట్టిగా లాగుతుందన్నమాట! లెప్టిన్ సంగతి బయటపడిందే 1994లో, గ్రెలిన్ 1999లో, ఇంక మా నాయనమ్మకి ఎవరు చెప్తారు. కడుపు నిండిందన్న తృప్తిలో మెదడులో ఉండే సెరటోనిన్ అనే రసాయనానికి కూడా వాటా ఉంది, నాకిచ్చిన ఫ్లుఓక్సెటిన్ దాని మీద పనిచేసేదే. డిప్రెషన్‌కైతే మామూలుగా 20 మిల్లీగ్రాములతో మొదలెడతారు, బులీమియాకి 60 దాకా వెళ్తారు, చీటీ చూసి మందుల షాపాయన 'ఇంత డోసాండి' అని రెండోసారి చదువుకున్నాడు. మొదట్లో వికారం, నిద్రపట్టకపోవడం ఉన్నాయి, తర్వాత సర్దుకున్నాయి.

టాబ్లెట్ మింగడం కాదండి, అన్నిటికన్నా కష్టం వేళకి తినడం. ఆకలున్నా లేకపోయినా మూడు నాలుగు గంటలకి మించి గ్యాప్ ఉండకూడదు, ఏం తిన్నానో అప్పుడు మనసెలా ఉందో పుస్తకంలో రాయాలి, రాత్రి తప్పిందని మర్నాడు మానేయకూడదు. నాన్న రాజమండ్రి నుంచొచ్చేటప్పుడు రావులపాలెంలో ఆగి చక్కెరకేళి అత్తం కొనేవారు, పదకొండింటికి ఒకటి నా కోటా. ఆ ఒక్క పండు తొక్క వలిచి, నల్లబడేదాకా చేతిలో పట్టుకు కూర్చున్న రోజులున్నాయి. పుస్తకంలో 'పండు, సగం, భయం' అని రాశా. కౌన్సెలింగ్ మేడం దాని పక్కన టిక్కు పెట్టారు, సగమేంటి అని అడగలేదు.

ఇప్పుడు రాత్రి లాగడం బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు, పెళ్లిళ్ల సీజన్‌లో మళ్లీ మొదలవుతుంది. టాబ్లెట్ సొంతంగా ఆపొద్దన్నారు, తగ్గించే సంగతి ఈసారి పొటాషియం రిపోర్ట్ పట్టుకెళ్లాక చూస్తారంట.